సంఖ్యల మాయలో పరిశోధన – ప్రాచ్య కళాశాలల కర్తవ్యం

హైదరాబాదు జూబిలీహిల్సు కొండరాళ్ల నడుమ రెండు వేర్వేరు లోకాలు ఇరుగుపొరుగుగా నెలకొని ఉన్నాయి. ఒకవైపు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు ఆటపట్టైన ఫిలింనగర్. మరొకవైపు, 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఆరంభమై అనంతరం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ నామాన్ని ధరించిన విద్యాపీఠం. మొదటి లోకంలో ప్రజాదరణ కొలమానం, రెండవ లోకంలో ప్రామాణ్యం కొలమానం అని లోకులు చిరకాలం భావించారు. ఆ భేదం నేడు చాలవరకు చెరిగిపోయింది. చలనచిత్ర వ్యాపారంలో సంఖ్యలకు పట్టిన వ్యాధి విద్వల్లోకంలోని సంఖ్యలకు కూడా సంక్రమించడమే అందుకు కారణం.

చలనచిత్రాల శతదినోత్సవ చరిత్ర ఎరిగినవారికి ఈ వ్యాధి లక్షణాలు కొత్త కావు. ఒక చిత్రం ఒక ప్రదర్శనశాలలో నూరు రోజులు ఆడటం ఒకనాడు ప్రజాదరణకు సహజమైన గుర్తు. జనం వచ్చారు కనుక చిత్రం ఆడింది. కొంతకాలానికి ఆ గుర్తే గమ్యమైంది. ఎన్ని కేంద్రాలలో నూరు రోజులు ఆడిందన్నది కథానాయకుల అభిమానుల నడుమ పంతంగా మారింది. ప్రేక్షకులు పలచబడిన తర్వాత కూడా రోజుకొక ఆటతో చిత్రాన్ని నిలబెట్టటం, ఒక శాల నుంచి మరొక శాలకు మార్చి ఆ రోజులన్నీ కలిపి 'షిఫ్టింగు'తో నూరు పూర్తిచేయటం పరిపాటి అయింది. తరువాతి కాలంలో రోజుల లెక్క పోయి వసూళ్ల లెక్క వచ్చింది. అక్కడా గోడపత్రికపై కనిపించేది 'గ్రాసు'. పన్నులు, శాల అద్దెలు పోగా పంపిణీదారునికి మిగిలే 'షేరు' వేరు. ఈ రెండింటికీ గల దూరం వ్యాపారంలో ఉన్నవారందరికీ తెలుసు. తెలియనివాడు గోడపత్రిక చదివే సామాన్య ప్రేక్షకుడొక్కడే.

పరిశోధన రంగంలో ఈ గోడపత్రిక పేరు ప్రచురణల సంఖ్య, ఉల్లేఖనల సంఖ్య, ఇంపాక్ట్ ఫాక్టర్. ఇందులో చలనచిత్ర రంగానికి లేని ప్రమాదం ఒకటి ఉన్నది. చిత్రం బాగుండకపోతే రెండవ వారానికి ప్రేక్షకుడే తీర్పు చెబుతాడు. పరిశోధన వ్యాసానికి అటువంటి ప్రేక్షకుడు లేడు. చదవని వ్యాసానికి కూడా మార్కులు పడతాయి.

ఈ కొలమానాల పుట్టుకలో దురుద్దేశం లేదు. అమెరికాలో యూజిన్ గార్ఫీల్డ్ 1955లో ఉల్లేఖనల సూచికను ప్రతిపాదించాడు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. ఒక భావం ఏ వ్యాసంలో పుట్టి ఏ వ్యాసాల గుండా ప్రవహించిందో తెలుసుకొనడం దాని ప్రయోజనం. పత్రికల ఎంపికకు, గ్రంథాలయాల కొనుగోలుకు తోడ్పడే సాధనంగా ఇంపాక్ట్ ఫాక్టర్ వాడుకలోకి వచ్చింది. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక్కొక్క పరిశోధకుని కృషిని ఒకే అంకెలో చూపే హెచ్ ఇండెక్సును సూచించాడు. ఈ సాధనాలు నిర్ణయాలకు సహాయపడినంతకాలం హితకరంగానే ఉన్నాయి. అవే నిర్ణయాలుగా మారినప్పుడు చిక్కు వచ్చింది. ఒక కొలమానాన్ని నియంత్రణకు వాడగానే అది కొలమానంగా పనికిరాకుండా పోతుందని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధాన సందర్భంలో చేసిన హెచ్చరిక ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

భారతదేశంలో ఈ మార్పుకు యు.జి.సి. నిబంధనలు దారితీశాయి. 2009 నాటి నిబంధనలు పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు ఒక వ్యాసం ప్రచురించి ఉండాలని విధించాయి. 2010 నిబంధనలు అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు ఎ.పి.ఐ. పేరిట అంకెల గణనను ప్రవేశపెట్టాయి. వేలాది విద్యార్థులకు, అధ్యాపకులకు ఏకకాలంలో వ్యాసాలు అవసరమయ్యాయి. వాటిని చదివి నిగ్గుతేల్చే పండితుల సంఖ్య మాత్రం ఆ వేగంతో పెరగలేదు. గిరాకీ ఉన్నచోట అంగడి వెలుస్తుంది. సొమ్ము చెల్లిస్తే కొద్ది రోజులలో అచ్చువేసే 'అంతర్జాతీయ' పత్రికలు ఈ విధంగా పుట్టుకొచ్చాయి.

ఈ అంగళ్లకు హైదరాబాదు ఒక ముఖ్యకేంద్రం కావడం తెలుగువారు మరువరాని విషయం. 2007లో ప్రారంభమైన ఓమిక్స్ సంస్థ ఈ నగరం నుంచే వందల సంఖ్యలో పత్రికలను, ప్రపంచమంతటా సదస్సులను నడిపింది. 2016 ఆగస్టులో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థపై నెవాడా న్యాయస్థానంలో దావా వేసింది. పండిత పరిశీలన జరగకుండానే జరిగినట్లు చెప్పటం, అంగీకారం లేని విద్వాంసులను సంపాదకులుగా చూపటం, ప్రచురణ రుసుమును ముందుగా వెల్లడించకపోవటం, వ్యాసం వెనక్కు తీసుకొంటామన్నా అనుమతించకపోవటం అందులోని ప్రధాన ఆరోపణలు. సంస్థ వాటిని నిరాకరించింది. 2019 మార్చిలో న్యాయస్థానం కమిషన్ పక్షాన తీర్పు చెప్పి 5 కోట్ల డాలర్లకు మించిన మొత్తాన్ని చెల్లించాలని ఆదేశించింది. 2020లో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును సమర్థించింది.

ఇది ఒక సంస్థకు పరిమితమైన దోషం కాదు. 2013లో 'సైన్స్' పత్రిక పక్షాన జాన్ బొహానన్ ఒక పరీక్ష జరిపాడు. స్పష్టమైన తప్పులతో కూడిన కల్పిత వ్యాసాన్ని 304 పత్రికలకు పంపగా 157 పత్రికలు స్వీకరించాయి. పరీక్షకు లోనైన పత్రికలలో సుమారు మూడవ వంతు భారతదేశానికి చెందినవి. 2017 జనవరిలో యు.జి.సి. 30 వేలకు మించిన పత్రికలతో ఆమోదిత జాబితాను ప్రకటించింది. అందులో విశ్వవిద్యాలయాల సిఫారసుతో చేరిన పత్రికలను భూషణ్ పట్వర్ధన్ ప్రభృతులు పరిశీలించి, వాటిలో 88 శాతానికి పైగా నాణ్యతలేనివి కావచ్చునని 2018లో 'కరెంట్ సైన్స్'లో ప్రకటించారు. అదే ఏడాది మే నెలలో 4,305 పత్రికలను జాబితా నుంచి తొలగించారు. 2019 జూన్‌లో 'కేర్' జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దానినీ రద్దుచేసి, పత్రికల మంచిచెడ్డలను నిర్ణయించుకొనే బాధ్యతను విద్యాసంస్థలకే వదిలారు. ఎనిమిదేళ్లలో జాబితాలు వచ్చాయి, పోయాయి. అంకెల దాహం మాత్రం నిలిచింది.

ఆమోదిత పత్రికలలోనైనా అంకెలను పెంచుకొనే ఉపాయాలు లేకపోలేదు. ఒకే విషయాన్ని ముక్కలు చేసి నాలుగు వ్యాసాలుగా మలచటం ఒకటి. తన పూర్వ వ్యాసాలను అవసరం లేకున్నా ఉదహరించుకొనటం రెండవది. కొందరు కలిసి పరస్పరం ఉదహరించుకొనటం మూడవది. పత్రికాధిపతులే తమ పత్రికలోని పాత వ్యాసాలను ఉల్లేఖించమని రచయితలను ఒత్తిడి చేయటం నాల్గవది. ఊరూపేరూ లేని సంస్థల నుంచి ఇంపాక్ట్ ఫాక్టర్‌ను కొని ముఖపత్రంపై అచ్చువేసుకొనటం ఐదవది. భాషాసాహిత్య శాఖలలో మరొక రూపం ప్రబలింది. రెండురోజుల 'అంతర్జాతీయ' సదస్సు నిర్వహించి, వచ్చిన పత్రాలన్నిటినీ సవరణ లేకుండా ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యతో గ్రంథంగా వేయటం. ఆ సంఖ్య పుస్తకానికి గుర్తింపు సంఖ్య మాత్రమే. విషయ ప్రామాణ్యానికీ దానికీ సంబంధం లేదు. ఐనా దరఖాస్తులో అది యోగ్యతాపత్రంగా చెలామణి అవుతున్నది.

నిబంధనలలోని గణితమే కొన్నిచోట్ల ఈ ఉపాయాలకు ఊతమిచ్చింది. యు.జి.సి. 2018 నిబంధనల పట్టిక భాషలు, మానవీయ శాస్త్రాలలో ఒక పరిశోధన వ్యాసానికి 10 అంకెలు కేటాయించింది. ఇద్దరు కలిసి వ్రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం, అనగా 7 అంకెలు. ఇద్దరు మిత్రులు చెరొక వ్యాసం వ్రాసి, ఒకరి వ్యాసంపై మరొకరి పేరు చేర్చుకొన్నారనుకొందాం. విడివిడిగా వ్రాస్తే ఒక్కొక్కరికి 10 దక్కేచోట, ఇప్పుడు 14 దక్కుతాయి. కొత్త వ్యాసం పుట్టలేదు, కొత్త భావం పుట్టలేదు. పేరు అచ్చయిన చోట్లు మాత్రం రెట్టింపయ్యాయి. ఫిలింనగర్‌లో దీనిని షిఫ్టింగు అంటారు.

ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం మరొకటి అదే పట్టికలో ఉన్నది. ఒక సంపూర్ణ గ్రంథాన్ని అనువదించినవారికి 8 అంకెలు. ఒక వ్యాసానికి 10. ఈ లెక్క ప్రకారం సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథాన్ని సంవత్సరాలు శ్రమించి సటిప్పణంగా తెనిగించిన పండితుని కన్న, నాలుగు పుటల వ్యాసం వ్రాసినవాడు రెండు అంకెలు అధికుడు. తాళపత్ర ప్రతులను సేకరించి, పాఠాంతరాలను సరిపోల్చి చేసే గ్రంథ పరిష్కరణకు ఆ పట్టికలో ప్రత్యేకమైన వరుసే లేదు. సంపాదకత్వం కింద చూపితే జాతీయ ప్రచురణకు 8 అంకెలు.

ఈ తూనికలో మానవల్లి రామకృష్ణకవి కృషిని ఉంచి చూడవలసి ఉన్నది. 1909లో ఆయన నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలికితీసి ప్రకటించారు. నన్నెచోడుని కాలమేది, తెలుగు సాహిత్యంలో ఆయన స్థానమేది అన్న చర్చ తరాల తరబడి సాగింది. అభినవగుప్తుని వ్యాఖ్యతో కూడిన నాట్యశాస్త్రానికి ఆయన సిద్ధపరచిన పరిష్కరణం బరోడాలోని గాయక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో వెలువడసాగింది. మొదటి సంపుటం వచ్చినది 1926లో. నాల్గవది 1964లో, ఆయన గతించిన తర్వాత. మధ్య 38 సంవత్సరాలు. భారతదేశంలో రససిద్ధాంతాన్ని గురించి పనిచేసే ఏ పరిశోధకుడూ ఆ సంపుటాలను తాకకుండా ముందుకు పోలేడు. నిజమైన 'ఇంపాక్ట్' అంటే అది. సంవత్సరానికి ఇన్ని వ్యాసాలని నియమం పెట్టిన చోట అటువంటి పనికి కూర్చునే ధైర్యం ఏ యువ అధ్యాపకునికి కలుగుతుంది?

ఉల్లేఖన విలువ ఏమిటో తెలియడానికి కూడ ఆ గ్రంథమే ఉత్తమ నిదర్శనం. భట్టలోల్లటుడు, శంకుకుడు నాట్యశాస్త్రంపై చేసిన వ్యాఖ్యలు నేడు లభించవు. భట్టనాయకుని హృదయదర్పణమూ లభించదు. వారి అభిప్రాయాలు నేటికి దక్కినవి ముఖ్యంగా అభినవగుప్తుడు ఉదహరించినందువల్ల. ఆయన వారిని పొగడటానికి ఉదహరించలేదు. ఖండించటానికి ఉదహరించాడు. ప్రతిపక్షి వాదాన్ని యథాతథంగా నిలిపి, దాని బలాన్ని అంగీకరించి, తర్వాత సమాధానం చెప్పటం శాస్త్ర సంప్రదాయం. అటువంటి ఉల్లేఖన ఒక గ్రంథానికి పునర్జన్మ నిస్తుంది. చదవకుండా అడుగున చేర్చిన పది పేర్లు గ్రంథానికి గాని, పాఠకునికి గాని ఇచ్చేదేమీ లేదు.

తెలుగు వ్యాసానికి మరొక అన్యాయం జరుగుతున్నది. అంతర్జాతీయ సూచికలు ప్రధానంగా ఆంగ్ల పత్రికలను లెక్కిస్తాయి. తెలుగులో వెలువడిన ఒక చక్కని ఛందోవిచారాన్ని వందమంది అధ్యాపకులు చదివి పాఠంలో వినియోగించినా, ఆ సూచికలలో దాని విలువ సున్న. ఈ సున్నను చూసి తెలుగు పరిశోధన బలహీనమని తేల్చడం, గజం కర్రతో పాలు కొలిచి పాలు లేవని చెప్పడం వంటిది.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి ఉన్నది. దానిని తేలికగా తీసివేయరాదు. అంకెల గణన రాకముందు నియామకాలు ధర్మబద్ధంగా జరిగాయా? కులం, ప్రాంతం, శిష్యరికం, సిఫారసు ఎంపికలను శాసించిన సందర్భాలు లేవా? పలుకుబడి లేని పేద విద్యార్థికి తన ప్రచురణల సంఖ్యయే ఆయుధం కదా? ఈ వాదంలో సత్యం ఉన్నది. పండితుల విచక్షణ పేరిట పక్షపాతం చెల్లిపోయిన కాలం ఒకటి ఉన్నందువల్లనే అంకెలకు గౌరవం లభించింది.

ఐతే అంకెలు పక్షపాతాన్ని తొలగించలేదు. దాని స్థానాన్ని మార్చాయి. పూర్వం ఎంపిక సంఘం గదిలో జరిగిన పక్షపాతం ఇప్పుడు సదస్సు సంపుటంలో, సంపాదకవర్గంలో, సహరచయితల వరుసలో జరుగుతున్నది. పైగా ప్రచురణకు రుసుము చెల్లించవలసి వచ్చినప్పుడు దెబ్బతినేది ఆ పేద విద్యార్థియే. తాత్కాలిక వేతనంతో పాఠాలు చెబుతూ, గ్రంథాలయం సరిగాలేని పట్టణంలో పనిచేసే అధ్యాపకుడు ఒక వ్యాసం కోసం నెల జీతంలో భాగం వెచ్చించవలసి రావడం సామాజిక న్యాయం కాదు. అతనిని నిందించడం సులభం. అతని ముందు మరొక మార్గం ఉంచని వ్యవస్థను ప్రశ్నించడం కష్టం. నింద ప్రధానంగా చెందవలసినది వ్యవస్థకే.

కావున సిద్ధాంతం అంకెలను పూర్తిగా త్యజించడమూ కాదు, పాత గదులకు తిరిగిపోవడమూ కాదు. చదవటాన్ని తిరిగి ప్రవేశపెట్టడం. 2012లో రూపొందిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన పత్రిక అంకెను బట్టి కాక కృషిని బట్టి పరిశోధకుని నిర్ణయించాలని కోరింది. 2015 నాటి లైడెన్ ప్రణాళిక స్థానిక భాషలలోని పరిశోధనను కాపాడాలని ప్రత్యేకంగా చెప్పింది. 2025 జనవరిలో వెలువడిన యు.జి.సి. ముసాయిదా కూడ అంకెల గణన స్థానంలో విశిష్ట కృషిని పరిగణించాలని ప్రతిపాదించింది. 2022 నిబంధనలు పిహెచ్.డి.కి ముందు ప్రచురణ తప్పనిసరి అన్న షరతును సడలించాయి. దిశ మారే సూచనలున్నాయి. కాని 'విశిష్టం' అన్న మాటకు అర్థం చెప్పేవారు చదవకపోతే, అది మరొక ఖాళీ గడిగా మిగిలిపోతుంది.

ప్రాచ్య కళాశాలలు ఎవరి ఉత్తరువు కోసమూ వేచియుండకుండా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, నియామకంలో గాని పదోన్నతిలో గాని అభ్యర్థి తనకు ముఖ్యమని తోచిన మూడు రచనలను మాత్రమే సమర్పించాలి. ఎంపిక సంఘ సభ్యులు వాటిని చదివి, తమ అభిప్రాయాన్ని కారణాలతో వ్రాసి సంతకం చేయాలి. ఆ అభిప్రాయం అభ్యర్థికి అందుబాటులో ఉండాలి. పక్షపాతానికి విరుగుడు అంకె కాదు, వ్రాతపూర్వకమైన కారణం. రెండవది, గ్రంథ పరిష్కరణ, సటిప్పణ అనువాదం, పదసూచి, నిఘంటు నిర్మాణాలకు వ్యాసంతో సమానమైన, అవసరమైన చోట మించిన స్థానం కల్పించాలి. మూడవది, సదస్సు పత్రాలను సదస్సు పత్రాలుగానే గుర్తించాలి. పరిశీలన, సవరణ జరిగిన తర్వాతనే వ్యాసాలుగా అంగీకరించాలి.

నాల్గవది పరిశోధన పత్రికలకు సంబంధించినది. 'కేర్' జాబితా తొలగిన తర్వాత ఒక పత్రిక పరువు దాని ఆచరణలోనే ఉన్నది. వ్యాసం ఎప్పుడు వచ్చింది, ఎందరు పరిశీలించారు, ఏ సవరణల తర్వాత స్వీకరించబడింది అన్నది ప్రతి వ్యాసం చివర అచ్చువేయటానికి ఖర్చు లేదు. తిరస్కరించిన వ్యాసాల సంఖ్యను ఏటేటా ప్రకటించటానికి వెరవనవసరం లేదు. తప్పు దొర్లినప్పుడు తరువాతి సంచికలో దిద్దుబాటు వేయటం, ప్రచురించిన వ్యాసంపై ఖండనకు చోటివ్వటం పాత పత్రికలకు అలవాటే. ఖండన వ్యాసాలు కనుమరుగవటం పండితుల మధ్య సఖ్యత పెరిగినందువల్ల కాదు. ఒకరినొకరు చదవటం తగ్గినందువల్ల.

ఈ సంస్కరణలకు ప్రమాణం వెదకడానికి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోనవసరం కూడ లేదు. మెతుకు సీమలోని కొల్చారం, అనగా కోలాచలం, మల్లినాథసూరి పుట్టినచోటు. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య వ్రాయబూనిన ఆ మహామహోపాధ్యాయుడు తొలుతనే రెండు ప్రతిజ్ఞలు చేశాడు. ఆధారం లేనిదేదీ వ్రాయనన్నది ఒకటి, అవసరం లేనిదేదీ చెప్పనన్నది రెండవది. నేటి పరిభాషలో మొదటి ప్రతిజ్ఞ తప్పుడు ఉల్లేఖనలకు నిషేధం. రెండవది ముక్కలు చేసిన వ్యాసాలకు నిషేధం. ఈ రెంటిని మాత్రమే పరీక్షగా పెట్టుకొన్న పత్రికకు మరే జాబితా అక్కరలేదు.

1957లో విడుదలైన 'మాయాబజార్' ఎన్ని కేంద్రాలలో ఎన్ని రోజులు ఆడిందో నేటి ప్రేక్షకులలో అధికులకు తెలియదు. తెలియకపోయినా ఆ చిత్రాన్ని చూస్తూనే ఉన్నారు. మల్లినాథుని వ్యాఖ్యలను నేటికీ ప్రతి ప్రాచ్య కళాశాలలో తెరుస్తూనే ఉన్నారు. అధ్యాపకులు తమ తరువాతివారికి అందించే వ్యాసం ఏదో, దరఖాస్తు గడిని నింపడానికి మాత్రమే వ్రాసిన వ్యాసం ఏదో వారికే అందరికన్న బాగా తెలుసు. రాబోయే ఎంపిక సంఘాలలో, సంపాదకవర్గాలలో కూర్చునేదీ వారే. ఆ రెండు రకాల వ్యాసాలను ఒకే అంకెతో కొలవడానికి అక్కడ అంగీకరించకపోవడం వారి చేతిలోని పని.